మూత లేని తపేలా

"ఇప్పుడే వచ్చేస్తారు" అని పాత గిన్నెల కొట్టతని భార్య చెప్పి ఇరవై నిమిషాలు దాటింది. ఇప్పుడే అన్న మాట ఎంత పొడుగుంటుందో ఎవరైనా కొలిచి చెబితే బాగుండును, కళ్ళద్దాల దుకాణంలో రోజూ మిల్లీమీటర్లు కొలిచి అద్దాలు బిగించే తనకే దాని అంతు చిక్కడం లేదు, అనుకుంటూ ఆమె ఒళ్ళో ఉన్న గుడ్డసంచీని ఇంకోసారి సర్దుకుంది. సంచీలో నాయనమ్మ పాల తపేలా ఉంది. ఎదురుగా గోడకి ఆనించిన అద్దాల బీరువా, దాని పై అరలో రెండు ఇత్తడి చెంబుల వెనక, మొగ్గలాంటి పిడి ఉన్న మూత. పదకొండేళ్ళుగా వెతుకుతున్న మూత. బీరువాకి తాళం, తాళంచెవి కొట్టతని చొక్కా జేబులో, కొట్టతను ఎక్కడో, అతని ఫోను మాత్రం బుద్ధిగా బల్ల మీద ఛార్జింగులో. మనిషిని వదిలేసి ఫోనుకి విశ్రాంతి ఇచ్చే పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళు దొరికితే బాగుండును. నాలుగడుగులు వేసి చెయ్యి చాపితే అందే దూరం, మధ్యలో వేలెడు మందం కూడా లేని అద్దం, దాని మీద తన మొహమే కనిపిస్తోంది, పెదవులు బిగించుకుని, అచ్చం నాయనమ్మలా. మూడు గంటల ఇరవై నిమిషాలు.

మూడింటికి వచ్చి, మూత పెట్టి చూసుకుని, మూడున్నరకల్లా పిన్ని ఇంట్లో ఉండాలన్నది లెక్క. పొద్దున్న పిన్ని కూతురు ఫోన్ చేసింది, అమ్మ ఆ మేడమీది ఇల్లు ఖాళీ చేసి చిన్న గదిలోకి మారిపోతోంది అక్కా, మెట్లెక్కలేనంటోంది, సామాను సగం తీసేస్తున్నాం, నీకు పాత గిన్నెలంటే పిచ్చి కదా, ఏమైనా కావాలంటే వచ్చి తీసుకో, నాలుగింటికి పాత సామాన్లతను వస్తాడు. పిచ్చి అన్న మాటని అంత మామూలుగా అనేస్తారు. అందరికీ అది పిచ్చే. ఇంట్లో భర్త రాత్రి మంచినీళ్ళు తాగాలంటే గ్లాసు తీసి, ఇది వాడేదా చూసేదా అని అడిగి మరీ తాగుతాడు. కూతురు తన స్నేహితురాళ్ళకి వంటిల్లు చూపిస్తూ, దేన్నీ ముట్టుకోకండి, మా అమ్మ వేలిముద్రలు తీయిస్తుంది అంటుంది. నవ్వులాటే, కానీ రోజూ అదే నవ్వులాటైతే ఒళ్ళు మండుతుంది. రాగి గరిటెలు, కళాయి పోయిన గిన్నెలు, కాఫీ గింజలు విసిరే మరలు మూడు, పిండి జల్లెడలు, పెచ్చులూడిన పింగాణీ పళ్ళేలు, ఒకదానిలో ఒకటి దూరే కొలత డబ్బాలు. అన్నీ మూతల కోసం వెళ్ళినప్పుడు తగులుకున్నవే. మూత దొరకలేదని ఉత్త చేతులతో రావడానికి మొహం చెల్లక ఏదో ఒకటి పట్టుకొచ్చేది, పట్టుకొచ్చిందాన్ని ఎందుకు తెచ్చావంటే, మా నాయనమ్మ దగ్గర ఇలాంటిదే ఉండేది అనేది. నాయనమ్మ దగ్గర నిజానికి కాఫీ మరే లేదు. ఎవరు వచ్చి సాక్ష్యం చెబుతారు గనక.

ఇలాంటి సామాన్లు పోగుచేసేవాళ్ళంతా ఫోన్లో ఒక గుంపు. పొద్దున లేస్తే ఒకరు గరిటె బొమ్మ పెట్టి, మా అమ్మమ్మ చేతి వెచ్చదనం ఇంకా దీన్లో ఉంది అని రాస్తారు. ఇంకొకరు రోలు పెట్టి, మా బామ్మ కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు అంటారు. ఆ గుంపులో ఉన్న నాలుగు వందలమందికీ కోపమే రాని ముసలమ్మలు దొరికారు, ఒక్కరి నాయనమ్మా కోడలిని నలుగురిలో నిలబెట్టి దొంగ అనలేదు, ఎంత అదృష్టవంతులో. తనూ ఒకసారి తపేలా బొమ్మ పెట్టింది, దాని నడుం మీద సొట్ట, మెడ కింద గుర్తు కోసం ఎవరో ఉలితో కొట్టిన మూడు చుక్కలు, కింద నాలుగు తీపి మాటలు. మెచ్చుకోళ్ళు వరదలా వచ్చాయి. ఆ వరదలో ఎవరో ఒకావిడ, చాలా బాగుంది, మరి మూత ఏదండీ, అని అడిగింది. తను ఫోను కట్టేసి పక్కన పెట్టేసింది, వారం రోజులు ఆ గుంపు వైపు వెళ్ళలేదు.

మూత ఏది. మెట్ల కింద, నీళ్ళ పీపా వెనక, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో ఉంది. గులాబీ రంగులో కరిగిపోతోంది. వీధిలో గంట కొట్టుకుంటూ వచ్చే తోపుడుబండివాడు ఖాళీ సీసాలకీ పాత ఇనుముకీ పీచుమిఠాయి ఇచ్చేవాడు, ఆ రోజు సీసా ఒక్కటీ లేదు, తోమిన మూత పిట్టగోడ మీద ఎండలో ఆరుతోంది. దొంగతనమని అప్పుడు తోచలేదు, అది మాత్రం నిజం, ఒట్టేసి చెప్పగలదు, మూత అంటే మూతే కదా, ఇంట్లో ఇన్ని మూతలున్నాయి, ఒకటి తగ్గితే ఎవరు చూస్తారు అనుకుంది. బండివాడు దాన్ని చేత్తో తూచి చూసి, ఒకటి కాదు, మూడు పుల్లలు ఇచ్చాడు. మూడు ఎందుకిచ్చాడో అప్పుడైనా అర్థం కావాల్సింది. మూడూ ఒక్కతే తింది, తమ్ముడికి చిటికెడు కూడా పెట్టలేదు, నాలుక ఎర్రగా కనిపిస్తుందని చెంబెడు నీళ్ళు పుక్కిలించింది. నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ ఎక్కడైనా పీచుమిఠాయి వాసన తగిలితే దాహం వేస్తుంది. ఇప్పుడూ వేస్తోంది. "మంచినీళ్ళు కావాలా అమ్మా" అని కొట్టతని భార్య అడిగింది, అల్లుతున్న స్వెటరు మీంచి తలెత్తి. వద్దండి అంది ఆమె. ఎన్నింటికి వెళ్ళాడని అడిగితే, రెండున్నరకి, ఏదో బేరానికి, ఇప్పుడే వచ్చేస్తారు అని మళ్ళీ అదే పాట, ఒక వరస అల్లడం, ఒక నవ్వు నవ్వడం. నవ్వితే తాళం ఊడదు కదా.

కొట్టతను మంచివాడే, అదే వచ్చిన చిక్కు. పాతదాన్ని పాతదంటాడు, పాతగా చేసినదాన్ని అలా చేసిందనే చెబుతాడు, అందుకే బంధువుల్లో కనిపించిన ప్రతివాళ్ళకీ ఇతని నంబరు ఇచ్చి పంపింది. నిన్న సాయంత్రం ఇతనే ఫొటో పంపాడు, మేడమ్, మీరడిగే మొగ్గ పిడి మూత వచ్చింది, దాచి ఉంచుతాను అని. దాచమంటే ఇంత భద్రంగా దాస్తాడనుకోలేదు. తపేలాకున్నట్టే మూత మీద మూడు చుక్కలున్నాయా అని అడిగింది, మసి పట్టి ఉంది, రుద్దితే గానీ తెలీదన్నాడు. రాత్రంతా మనసు ఒకచోట నిలవలేదు. ఆ మూడు చుక్కలే గనక ఉంటే, దాన్ని తపేలా మీద పెట్టి, ఆ తపేలాని రెండు చేతులా పట్టుకుని, పిన్ని ముందు పెట్టి, ఇదిగో పిన్నీ అని మొదలుపెట్టవచ్చు. మూత చేతిలో ఉంటే మాట వస్తుంది. వట్టి చేతులతో వెళ్ళి ఆ మాట చెప్పడం తనవల్ల కాదు, నాలుగుసార్లు ప్రయత్నించింది. ఒక పెళ్ళిలో, రెండు పరామర్శల్లో, ఒకసారి ఆస్పత్రి వరండాలో. ప్రతిసారీ నీళ్ళు నమలడమే, ప్రతిసారీ పిన్ని, "ఏమే, ఎన్ని గిన్నెలయ్యాయి?" అని నవ్వుతూ అడగడమే.

అమ్మ ఆఫీసుకి వెళ్ళే తొందరలో ఉంటే తనకి జడ వేసింది పిన్నే. కొత్త కోడలు, ఇరవై ఒక్కేళ్ళు ఉంటాయేమో అప్పటికి, చిక్కు తీసేటప్పుడు నొప్పి తెలియకుండా కుదురు దగ్గర గట్టిగా పట్టుకునేది. మూత కనబడని రోజున నాయనమ్మ ఇల్లంతా గాలించింది, తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి, ముందు రోజు పిన్ని పుట్టింటికి వెళ్ళొచ్చిన సంగతి ఎత్తింది. పేరు పెట్టి అనలేదు, అలా అంటే కనీసం ఎదురు చెప్పడానికైనా వీలుండేది. కొందరి సంచీలు పోయేటప్పుడు బరువుగా పోతాయి, వచ్చేటప్పుడు తేలిగ్గా వస్తాయి, అంది. బాబాయి పేపర్లోంచి తలెత్తలేదు. అమ్మ పొయ్యి తుడుస్తూనే ఉంది, తుడిచిన చోటే తుడిచింది. తను తలుపు చాటున గుటకలు మింగుతూ, అందరి కంటే ఎక్కువగా పళ్ళు బిగించి, నోరు తెరిస్తే నాలుక రంగు కనబడుతుందేమోనని భయపడుతూ.

పిన్ని అప్పుడు చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది, ఆమె మీద కాదు, ఆ ఇంటి మీద. గొడవ ఆగిపోతుందనుకుంది పాపం. తపేలా సంచీలో పెట్టుకుని బజారుకి మోసుకెళ్ళి, గిన్నెలు చేసేవాడి దగ్గర దాని మూతికి కొలత తీయించి, కొత్త మూత చేయించింది, తన చేతి డబ్బుతో. వాడి దగ్గర మొగ్గ పిడి లేదు, అలమారా సొరుగుకి ఉండే గుండ్రటి పిడి ఒకటి తీసి, కాస్త ఒంకరగా బిగించి ఇచ్చాడు. తెచ్చి పెట్టింది, పెడుతుంటే మొహంలో ఎంత వెలుగో. నాయనమ్మ దాన్ని ఎత్తి చేత్తో తూచింది, బండివాడు తూచినట్టే. "చూశారా, బరువైనది పంపించేసి తేలికది తెచ్చి పెట్టింది" అంది. ఆ క్షణం దాకా అనుమానంగా ఉన్నవాళ్ళకి కూడా అంతటితో రూఢి అయిపోయింది, తప్పు లేనిది ఎందుకు తెచ్చి పెడుతుంది, అనుకున్నారు. పిన్ని మూత తీసి తన గదిలోకి పట్టుకుపోయింది. ఆర్నెల్లలో వేరు కాపురం పెట్టారు, తను జడ తనే వేసుకోవడం నేర్చుకుంది. నాయనమ్మ బతికినంత కాలం తపేలా మీద పళ్ళెం బోర్లించి, పిల్లి తోసేయకుండా దాని మీద రోకలిబండ పెట్టింది, అంత బరువు పెట్టుకోవలసి వచ్చినా నోరు మాత్రం తగ్గించుకోలేదు. ఆమె అంటే తనకి ప్రాణం. పాల మీగడ గరిటె తన చేతికే ఇచ్చేది. ఇదొక తిరకాసు, ఆ మీగడ రుచినీ ఆ మాటల్నీ విడదీయడం ఏ జల్లెడతోనూ కావడం లేదు.

మూడూ ముప్పై అయిదు. లేచింది, బీరువా దగ్గరికి వెళ్ళింది, తాళాన్ని వేలితో కదిపింది, కొట్టతని భార్య సూదులు ఆపి చూసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. పోనీ వెళ్ళిపోతే. ఇక్కణ్ణుంచి ఆటోలో పన్నెండు నిమిషాలు, ఇప్పుడు లేచినా నాలుగింటిలోపు అందుకోవచ్చు. లేచి వెళ్ళగానే అతను వస్తాడు, అది మాత్రం ఖాయం, తను వీధి మలుపు తిరగడం, అతను ఈ మలుపు తిరగడం, ఇన్నేళ్ళ ఎదురుచూపులో అదొక్కటి బాగా నేర్చుకుంది. ఇంకో అయిదు నిమిషాలు. అసలు మూత, నకలు కాదు. ఆ అలమారా పిడి మూత పిన్ని ఎప్పుడో విసిరేసి ఉంటుంది, అవమానాన్ని ఎవరు దాచుకుంటారు. దాని సంగతి తను ఎప్పుడూ ఎవరినీ అడగలేదు, వెతకనూ లేదు, నాయనమ్మ చెయ్యి పడనిది తనకెందుకు. పిన్నికి కావలసింది అసలుది దొరకడమే, దొరికితే గదా ఆమె తియ్యలేదని తేలేది.

అప్పుడే ఫోను మోగింది. పిన్ని కూతురు. "అక్కా, వస్తున్నావా లేదా? అమ్మ పొద్దున్నుంచీ గుమ్మం వైపే చూస్తోంది, పాత సామాన్లతనేమో ముందే వచ్చి కూర్చున్నాడు." వస్తున్నానే, ఒక పని మీద ఇరుక్కుపోయాను, అంది. ఏం పనని అడిగింది చెల్లెలు. అక్కడ ఆగిపోవలసింది. కానీ అరగంటకి పైగా ముళ్ళ మీద కూర్చుని ఉందేమో, మూత ఎదురుగా ఊరిస్తూ కనిపిస్తోందేమో, తన నోటికి ఎన్నాళ్ళకి ఒక మంచి మాట తగిలిందేమో, ఆగలేదు. "పిన్నికి చెప్పు, నాయనమ్మ పాల తపేలా మూత దొరికింది. అసలుదే. తీసుకునే వస్తున్నాను" అంది. చెల్లెలు సరే చెబుతానంది. ఫోను పెట్టేశాక గుండె తేలికపడాలి కదా, పడలేదు. చేతిలోకి రాని మూతని దొరికిందని చెప్పేసింది. ఎక్కడ దొరికిందంటే ఏం చెబుతుంది. పోనీలే, చుక్కలుంటాయి, ఉండి తీరాలి, ఆ పిడి వంపు చూస్తుంటేనే తెలుస్తోంది, ఆ పిడి పట్టుకుని ఎన్నిసార్లు ఎత్తలేదు, పాలు పొంగేటప్పుడు ఆ మూత తకతకలాడుతూ ఎగిరేది, ఆ చప్పుడుకే నాయనమ్మ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

నాలుగయింది. గోడగడియారం నాలుగు కొట్టి ఊరుకుంది. ఇక వెళ్ళి లాభం లేదు అనీ, ఇప్పుడైనా వెళ్ళాలి అనీ రెండు మాటలూ బుర్రలో ఒకేసారి నడుస్తుంటే తపేలా అంచు మీద బొటనవేలు తిప్పుతూ కూర్చుంది. నాలుగూ ఇరవైకి వీధిలో బండి ఆగింది. కొట్టతను చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి, ఆమెని చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో మేడమ్, ఎంతసేపయింది? ముందే వెళ్తే త్వరగా తెమిలిపోతుందనుకున్నాను, ఆవిడ నాలుగైతే గానీ దేన్నీ ముట్టుకోనివ్వలేదు" అన్నాడు. ఎవరావిడ అని అడగలేదు, అడిగే ఓపిక లేదు. ముందు బీరువా తీయండి అంది. తీశాడు. మూత చేతికొచ్చింది, చల్లగా, మసిగా. చీర కొంగుతో రుద్దింది, ఒక పక్క, ఇంకో పక్క, లోపల. చుక్కలు లేవు. లేకపోతే పోనీ, అరిగిపోయి ఉంటాయి, అనుకుంటూ తపేలా తీసి దాని మీద పెట్టింది. మూత ఒక్క క్షణం కూడా నిలవలేదు, ఠంగుమని తపేలాలో పడి అడుగుకి చేరింది. వేలెడు చిన్నది. కొట్టతని భార్య మొదటిసారి నవ్వడం మానేసింది.

"పోనీండి మేడమ్, ఇవాళ వచ్చిన సామాన్లో ఒక మూత ఉంది, పిడి మీరడిగింది కాదు గానీ..." అంటూ అతను గుమ్మం దగ్గర దింపిన అట్టపెట్టెలోంచి వెతికి తెచ్చాడు. గుండ్రటి పిడి. అలమారా సొరుగుకి ఉండేది. కాస్త ఒంకరగా. అంచు చుట్టూ పాల మరక, రోజూ వాడి రోజూ తోమినదానికి ఉండే సన్నటి గీతలు. ఆమె చూపు దాన్ని దాటి గుమ్మం దాకా పోయింది, బండి మీద ఆకుపచ్చ రంగు పీట, దాని మీద కూర్చోబెట్టే తనకి జడ వేసేది పిన్ని. ఇతని నంబరు ఆ ఇంటికి ఇచ్చింది ఎవరు, తనే, రెండేళ్ళ కిందట, మంచివాడు పిన్నీ, మోసం చేయడు అని. "ఆవిడ దీన్ని ఇవ్వదలుచుకోలేదండి" అంటున్నాడతను, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది, ఇది మా అమ్మాయికి, వస్తోంది అని. ఆ తర్వాత కూతురు ఫోన్లో మాట్లాడి వచ్చి, మూత దొరికిందటమ్మా, అసలుదే, అని చెప్పింది. ఆవిడ నాలుగయ్యేదాకా గుమ్మం వైపు చూసి, అయితే ఇంక ఇదెందుకు, పట్టుకెళ్ళు నాయనా అంది."

ఆమె మూత అందుకుంది. తపేలాలో పడ్డదాన్ని తీసి బల్ల మీద పెట్టి, దీన్ని పెట్టింది. చప్పుడు లేకుండా కూర్చుంది, ఎటు కదిపినా కదలకుండా, అసలు మూత ఏనాడూ ఇంత కుదురుగా కూర్చోలేదు. కొలత తీయించి చేయించింది కదా. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తన మీద, నాలుగడుగుల దూరంలో తాళం వేసుకున్న ఆ బీరువా మీద, ఇంటినిండా చేరిన గరిటెల మీద, వాటి పక్కన తను రాసిన తీపి మాటల మీద. ఫోను మళ్ళీ మోగింది, చెల్లెలి గొంతు ఖాళీ గదుల్లో ప్రతిధ్వనిస్తోంది. "అక్కా, నువ్వు వచ్చేలోపు అమ్మ ఒకటే తెలుసుకోవాలంటోంది. ఆ మూత ఎవరి దగ్గర దొరికిందట?"

బజారులో దొరికిందనవచ్చు. ఎవరో అమ్మారట, పేరు తెలీదట, అనవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా, తేలిగ్గా, తియ్యగా. నోరెండిపోయింది. "ఫోను పిన్నికివ్వు" అంది.

ఫోను చేతులు మారిన చప్పుడు, తర్వాత పిన్ని ఊపిరి. "చెప్పవే" అంది పిన్ని.

"మూత దొరకలేదు పిన్నీ. దొరకదు. దాన్ని నేనే బండివాడికి ఇచ్చేశాను. పీచుమిఠాయికి. నువ్వు కాదని నాకు తెలుసు, ఆ రోజే తెలుసు."  కొట్టతని భార్య సూదులు ఆగిపోయాయి, కొట్టతను తువ్వాలు పట్టుకుని ఎటు చూడాలో తెలియక అట్టపెట్టెలోకి చూస్తున్నాడు. ఒళ్ళో తపేలా మీద మూతని అరచేత్తో అదిమి పట్టుకుని ఆమె ఎదురుచూసింది. 

"ఈ ఒక్క ముక్క చెప్పడానికా," అంది పిన్ని, "ఇన్ని గిన్నెలు కొన్నావు?"